ఊరేగింపా, పరీక్ష హాలా? ఈజిప్టు స్త్రీలకు ఏ దారి మేలు చేసింది?

1919 మార్చి 16న కైరో వీధుల్లోకి ముసుగులు ధరించిన స్త్రీలు బారులు తీరి వచ్చారు. స్వాతంత్ర్య ఉద్యమ నాయకుడు సాద్ జగ్లూల్‌ను దేశం నుంచి పంపించివేసిన బ్రిటిష్ పాలకుల మీద నిరసన అది. ఆయన ఇంటి దగ్గర సైనికులు అడ్డుపడి, వారిని మండుటెండలో దాదాపు మూడు గంటలు నిలబెట్టారు. ఎక్కుపెట్టిన తుపాకులకు ఎదురుగా నడిచిన హుదా షారావీ పేరు ఈనాటికీ అందరికీ గుర్తుంది.

నబవియా మూసా పేరు అంతగా వినిపించదు. ఆమె కైరోలో బడి పంతులమ్మ. నెల జీతం 6 పౌండ్లు, అదే పని చేసే మగవారికి 12. ఎందుకని అడిగితే, వారికి సెకండరీ సర్టిఫికెట్ ఉందన్నారు. ఆడపిల్లలకు సెకండరీ బడే లేని రోజులవి. ఆమె ఇంట్లోనే చదువుకుని, విద్యాశాఖ బ్రిటిష్ సలహాదారు డన్‌లప్ వద్దంటున్నా 1907లో పరీక్ష రాసి నెగ్గారు. ఆ సర్టిఫికెట్ సంపాదించిన మొదటి ఈజిప్టు యువతి ఆమె.

హుదా దారిలో బలం ఉంది, వేల గొంతులున్నాయి. కానీ దక్కిందేమిటి? 1922లో పేరుకు స్వాతంత్ర్యం వచ్చింది. 1923 రాజ్యాంగం ఈజిప్షియన్లందరూ సమానమన్నది, ఎన్నికల చట్టం మాత్రం ఓటును మగవారికే ఇచ్చింది. ఎండలో నిలబడిన ఆ స్త్రీలను తలచుకుంటే ఇప్పటికీ మనసు రగులుతుంది. వారికి ఓటు రావడానికి 1956 దాకా పట్టింది.

నబవియా దారిలో అడిగింది చేతికి వచ్చింది, కానీ ఒక్కరికే. ఆ తర్వాత చాలా ఏళ్లు మరో అమ్మాయి ఆ గడప దాటలేదు.

నా మొగ్గు నబవియా వైపే. దేశం పేరు చెప్పి కాక, తన హక్కును తన పేరుతోనే అడిగారామె. హుదా కూడా చివరికి అటే వచ్చారు. 1923లో, సరిగ్గా ఆ మార్చి 16నే, ఈజిప్టు స్త్రీవాద సంఘం పెట్టారు. అదే ఏడాది ఆడపిల్లల పెళ్లి వయసు 16కు తక్కువ కాకూడదని చట్టం వచ్చింది. హుదాకు తనకంటే ఎంతో పెద్దవాడైన బంధువుతో పెళ్లి చేసినప్పుడు ఆమె వయసు 13.