బాలింతలకు పనికొచ్చే ఐఐటీ బొంబాయి పాఠాలు

ఐఐటీ బొంబాయి స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టు అందిస్తున్న ఆరోగ్య, పోషకాహార వీడియోల్లో తల్లిపాలకు సంబంధించినవి తొలి కాన్పుకు సిద్ధమవుతున్నవారు తప్పక చూడదగినవి, పైగా ఉచితం. తల్లిపాలు అమృతమంటూ ఊదరగొట్టకుండా, బిడ్డకు రొమ్ము ఎలా పట్టించాలన్న అసలు విషయానికే ఇవి నేరుగా వస్తాయి.

వడాపావ్ (బన్ను మధ్య వడ పెట్టింది) తినేటప్పుడు దాన్ని మన పెదవులకు సమాంతరంగా పట్టుకుని నొక్కినట్టే, తల్లి వేళ్లు కూడా బిడ్డ పెదవులకు సమాంతరంగా ఉండేలా రొమ్మును పట్టుకోవాలని వివరించిన భాగం నాకు అన్నిటికన్నా నచ్చింది. చనుమొన ఒక్కటే నోట్లో ఉంటే బిడ్డకు పాలు సరిగా అందవు, తల్లికి పుండ్లు పడతాయి. దాని చుట్టూ ఉన్న నల్లటి భాగం, ముఖ్యంగా కింది వైపుది, ఎక్కువగా నోట్లోకి వెళ్లాలి. పాలు పడటం లేదని డబ్బాపాలకు మారిపోయే ఇళ్లలో చాలాసార్లు లోపం పాలది కాదు, పట్టించే తీరుది. నేను డబ్బు కట్టి చేరిన మరో యాప్ కోర్సులో ఈ సంగతిని రెండు ముక్కల్లో తేల్చేసి, మిగతా సమయమంతా పౌడర్ల ప్రచారానికే వెచ్చించారు.

పాలు పిండి నిల్వ చేయడం, కంగారూ సంరక్షణ (బిడ్డను తల్లి ఒంటికి నేరుగా ఆనించి ఉంచడం) గురించీ పాఠాలున్నాయి. ముర్రుపాలు పారబోయించి తేనె నాకించే అమ్మమ్మలను కూడా పక్కన కూర్చోబెట్టుకుని చూడటం మేలు. అయితే మీరు పట్టుకున్న తీరు సరైనదో కాదో వీడియో చెప్పజాలదు కనుక నర్సుకు ఒకసారి చూపించుకోవాలి. రొమ్ము గట్టిపడి జ్వరం వస్తే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.