వదినగారి పంపా, అద్దె పంపా?

26 వారాల ప్రసూతి సెలవు ముగిసి ఆఫీసుకు వెళ్లవలసిన మన బెంగళూరు తల్లులకు, వదినగారు వాడి అటకెక్కించిన బ్రెస్ట్ పంపును తెచ్చుకోవాలా, ఆసుపత్రి తరహా పంపును అద్దెకు తీసుకోవాలా అన్న సందేహం తరచూ వస్తుంది.

ఖర్చు: వదినగారిది ఉచితం. రెండవదానికి నెలనెలా అద్దెతో పాటు సొంత కిట్టు (పాలు తగిలే గొట్టాలు, సీసాలు వంటి విడిభాగాలు) కూడా కొనుక్కోవాలి.

ప్రమాదం: అసలు తేడా ఇక్కడే ఉంది. ఇంటి పంపుల్లో చాలావాటిని ఒక్కరి వాడకానికే తయారుచేస్తారు. వాటిని పంచుకోవద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ) కూడా చెబుతుంది. పాలకూ మోటారుకూ మధ్య అడ్డుతెర లేని రకాల్లో పాల తుంపరలు గొట్టం గుండా లోపలికి చేరి బూజు పట్టవచ్చు. సీసాలను ఎంత మరిగించినా మోటారు లోపలి భాగం శుభ్రపడదు. మా వదిన ఇచ్చిన పంపు గొట్టాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చూస్తే, లోపల ఆవగింజలంత నల్లని చుక్కలు కనిపించాయి. హెచ్‌ఐవీ, సైటోమెగాలోవైరస్ వంటి వైరస్‌లు పాల ద్వారా సోకగలవు కనుక ‘మనవాళ్లదే కదా’ అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. అద్దె పంపు పలువురి కోసమే రూపొందినది; కిట్టు మాత్రం ఎవరిది వారిదే.

శ్రమ: పాత మోటారు పీల్చే బలం తగ్గితే పిండే సమయం పెరుగుతుంది.

బిడ్డ ఎన్‌ఐసీయూలో (నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ విభాగంలో) ఉండి రోజుకు చాలాసార్లు పిండవలసినవారికి అద్దె పంపు తగినది. ఎప్పుడో ఒకసారి పిండేవారికి కొత్త చేతిపంపు చాలు. వదినగారిది పలువురు వాడదగినదని తయారీదారే చెప్పి ఉంటే, కొత్త కిట్టుతో వాడుకోవచ్చు.