రాడ్ బ్రేకుల సైకిలు: అనంతపురం దారుల్లో ఎంతవరకు నెగ్గుతుంది?

గేర్ల సైకిళ్ళు ఎన్ని వచ్చినా, పల్లె నుంచి అనంతపురానికి శనక్కాయల మూటో పాల క్యానో వేసుకొచ్చేవాళ్ళకు అక్కరకొచ్చేది రాడ్ బ్రేకుల (తీగ బదులు ఇనుప కడ్డీలు లాగే బ్రేకుల) నల్ల సైకిలే. రూపం పాతదే. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ చేసిన రోవర్‌ది కూడా ఇదే పోలిక: ఇంచుమించు సమానమైన చక్రాలు, వెనక చక్రానికి చైను. అంతకుముందు పెడళ్ళు ముందు చక్రానికే ఉండేవి. దూరం పోవాలంటే ఆ చక్రాన్నే పెద్దది చెయ్యాలి. ఇప్పుడు ముందు పళ్ళచక్రానికి 44 పళ్ళు, ఫ్రీవీలుకు (వెనక చక్రం మీది పళ్ళచక్రానికి) 18, చక్రం 28 అంగుళాలు అనుకుంటే ఒక చుట్టు తొక్కుకు సుమారు ఐదున్నర మీటర్లు పోతుంది. చైను లేకుండా అంత దూరం రావాలంటే చక్రం 68 అంగుళాలుండాలి, అంటే మనిషంత ఎత్తు!

బరువు మొయ్యడంలో వంక పెట్టేదేం లేదు. వెనక 40 స్పోకులు, ముందు 32. తెగితే వెనకవే, అదీ హబ్బు (చక్రం నడిమి భాగం) దగ్గరి వంపులో. మూట కంటే వదులే దీనికి ఎక్కువ కారణం. బిగువు తగ్గిన స్పోకు ప్రతి చుట్టుకూ ఆడి ఆడి తెగుతుంది. కొత్త సైకిలుకు నెల తిరక్కముందే బిగువు చూపించండి.

బ్రేకులకు సగం మార్కులే. రబ్బర్లు రిమ్ము లోపలివైపు పట్టుకుంటాయి కాబట్టి రిమ్ము పక్కకు కాస్త వంకరపోయినా రాసుకోవు. తడిస్తే మాత్రం జారుతాయి. కర్నూలు వైపు నల్లరేగడిలోనైతే మడ్‌గార్డులో బురద ఇరుక్కుని చక్రమే తిరగదు, పుల్లతో గీక్కోవాల్సిందే.

అసలు శత్రువు సర్కారు కంప ముల్లు. పైన విరిగి, మొన టైరులో ఉండిపోతుంది. ప్యాచీ వేసేముందు టైరు లోపల వేలితో తడిమి తియ్యకపోతే అదేచోట మళ్ళీ పంక్చరు. పాత ట్యూబును నిలువుగా కోసి టైరు లోపల పరిస్తే చాలా ముళ్ళు ఆగుతాయి. దాని అంచులు పలచగా చెక్కకపోతే అవే ట్యూబును కోస్తాయి. ముల్లు లేకుండానే రాత్రికి గాలి దిగిందంటే వాల్ ట్యూబు (వాల్‌కు తొడిగే సన్న రబ్బరు గొట్టం) ఎండకు గట్టిపడి పగిలుంటుంది. వాల్ మీద ఉమ్మి రాయండి, బుడగ వస్తే అదే.

చైను కొత్తలో 24 లింకులకు 12 అంగుళాలు. పావు అంగుళంలో సగం సాగినా మార్చాలి, లేకపోతే పళ్ళూ అరుగుతాయి. ఏడాదికోసారి ఓవరాయిలింగు, అంటే అంతా విప్పి శుభ్రం చేసి గ్రీజు పెట్టడం (పేరులో ఆయిలున్నా పని గ్రీజుదే) తప్పదు. ఎడమ పెడల్ మరలు ఎదురు కాబట్టి విప్పేటప్పుడు కుడికి తిప్పాలి. తొక్కుతుంటే టక్కు టక్కుమంటే కాటరు (పెడల్ కాడను ఇరుసుకు పట్టి ఉంచే మేకు) వదులైనట్టు. నట్టు బిగిస్తే చాలదు, కాటరును సుత్తితో కూర్చోబెట్టాకే నట్టు బిగించాలి.