అత్యవసర రక్షణ కేసుల్లో మానసిక పరీక్ష సేవ: మార్కుల కాగితం ఒక్కటే ఇస్తే తీసుకోకండి

వయసు మళ్లిన మనిషి చేత ఎవరో ఆస్తి కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంటున్నారు. లేదా చూసుకోవాల్సినవాళ్లే మందులు ఎగ్గొడుతున్నారు. కోర్టుకు వెళ్లి వెంటనే రక్షణ అడగాలంటే, ఆ మనిషి తన నిర్ణయం తాను తీసుకోగలరా అన్నది సైకాలజిస్టు చూసి రాసిన రిపోర్టు పనికొస్తుంది. హడావిడిగా వచ్చి ఈ పని చేసిపెట్టే సేవల్లో పనికొచ్చేవేవో, పనికిరానివేవో చూద్దాం.

నాసిరకం సేవ పావుగంటలో ముగుస్తుంది. జ్ఞాపకశక్తి, ఆలోచన ఎలా ఉన్నాయో పైపైన చూసే మోకా (MoCA) పరీక్ష పెట్టి, 30కి ఇన్ని అని వేసి, 'సామర్థ్యం లేదు' అని రాసేస్తారు. 2005లో వచ్చిన ఈ పరీక్షకు పది నిమిషాలు చాలు. 26 కంటే తక్కువొస్తే ఇంకా లోతుగా చూడమని మాత్రమే దానర్థం. చదువు 12 ఏళ్లకు మించకపోతే ఒక మార్కు కలుపుతారు. బడి మొహమే చూడనివాళ్లకు ఆ ఒక్క మార్కు ఏ మూలకి? గడియారం గీసి 11 గంటల 10 నిమిషాలు చూపించమంటారు. చెయ్యి వణికినా, కళ్లలో శుక్లాలున్నా మార్కులు పోతాయి.

మంచి సేవ మొదట అడిగేది 'ఎప్పటి నుంచి ఇలా ఉన్నారు?' అని. రెండు రోజుల్లో ముంచుకొచ్చి, పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉండి, ధ్యాస నిలవకపోతే డెలీరియం, అంటే ఒంట్లో ఏదో తేడా వల్ల హఠాత్తుగా వచ్చే మతి గందరగోళం, అని అనుమానించాలి. దానితో మాటల్లో పొంతన లేకపోవడమో, మగతో, అతి అప్రమత్తతో తోడైతే అనుమానం గట్టిదే. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన నిద్రమాత్ర... ఏదైనా కారణం కావచ్చు. అది తగ్గాక మళ్లీ పరీక్షించాలని రిపోర్టులో ఉండాలి. వినికిడి యంత్రంలో బ్యాటరీ ఉందో లేదో చూడకుండా మొదలుపెట్టేవాళ్లూ ఉన్నారు!

మేధో వైకల్యం ఉన్నవాళ్లలో కొందరు ఏదడిగినా 'ఊఁ' అంటారు. అదే ప్రశ్నను తిప్పి అడిగితేనే అసలు జవాబు తెలుస్తుంది. సైగల భాషకైనా, వేరే భాషకైనా అనువాదకులు ఇంట్లోవాళ్లు కాకూడదు. కొంతసేపైనా ఆ మనిషితో ఒంటరిగా మాట్లాడాలి. ఈ మాటలు కోర్టుకు వెళతాయని ముందే చెప్పాలి.

అసలు పనంతా నిర్ణయం చుట్టూ వేసే ప్రశ్నల్లో ఉంది. 'ఈ కాగితంలో ఏముంది? సంతకం పెడితే ఇల్లెవరిది? తర్వాత మీరెక్కడుంటారు? పెట్టకపోతే ఏమవుతుంది?' విషయం అర్థమైందా, తనకు వర్తిస్తుందని తెలుసా, బేరీజు వేయగలరా, ఒక మాట మీద ఉండగలరా అన్న నాలుగూ వీటిలోనే తేలుతాయి. 'ఇల్లు అబ్బాయికి రాస్తున్నా, నేనిక్కడే ఉంటా' అన్నారనుకోండి. కాగితంలో ఆ హక్కు లేకపోతే, ఆయనకు అర్థం కాలేదా, లేక అబద్ధం చెప్పి నమ్మించారా? మొదటిది సామర్థ్యం సంగతి, రెండోది మోసం. రెండింటికీ రక్షణ వేరు. అందుకే జవాబులు ఉన్నవి ఉన్నట్టుగా రిపోర్టులో ఎక్కాలి.

ఎక్కువ రిపోర్టులు తేలిపోయేది చివరి పేజీలో. డబ్బు లెక్కలు చూసుకోలేని మనిషి ఎక్కడ ఉండాలో తానే చెప్పగలగవచ్చు. 'అన్నిటికీ అసమర్థులు' అని ఒక్క ముక్కలో తేల్చకూడదు. పరీక్ష జరిగిన తేదీ, గంట, ఏయే నిర్ణయాలకు వర్తిస్తుంది, మళ్లీ ఎప్పుడు చూడాలి అన్నవి లేకపోతే, కోర్టులో వేయకముందే వెనక్కి పంపి రాయించుకోండి.