నల్లగొండ బండల మీద నాలుగేళ్లు: నా డిస్క్ గోల్ఫ్ చక్రాల్లో ఏ ప్లాస్టిక్ నిలబడింది

ముందే చెప్తున్నాను, నేను పెద్ద ఆటగాణ్ణి కాదు. టెక్సాస్‌లో చదువుకునే రోజుల్లో రూమ్మేట్ వెంట పార్కుకు వెళ్లి అలవాటు చేసుకున్నాను. 2021లో ఇంటికి వచ్చేటప్పుడు సూట్‌కేసు అడుగున ఏడు డిస్కులు పెట్టుకొచ్చాను. ఆ తర్వాత వచ్చిపోయే చుట్టాల చేత ఇంకో నాలుగు తెప్పించుకున్నాను. పానగల్లు వైపు ఒక పడావు భూమిలో వారానికి మూడు రోజులు, ఎండ ఎక్కకముందే వెళ్లి విసురుతుంటాను. నాలుగేళ్లు వాడాక వాటి ప్లాస్టిక్ గురించి చెప్పగలిగింది ఇక్కడ రాస్తున్నాను.

ఆట తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. గోల్ఫ్ లాంటిదే. బంతి బదులు చక్రం, గుంత బదులు గొలుసులు వేలాడే ఇనుప బుట్ట. ఆ బుట్టకు పేటెంట్ తీసుకున్నాయన ఎడ్ హెడ్రిక్. 2002లో ఆయన పోయాక, ఆయన కోరిక ప్రకారం బూడిదను ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులు పోయించారు. మనం గంగలో కలుపుతాం, ఆయన చక్రాల్లో కలిశాడు. ప్లాస్టిక్ అంటే ఈ ఆటవాళ్లకు ఎంత పిచ్చో దాన్నిబట్టి అర్థం చేసుకోండి.

నా బుట్ట మాత్రం ఊళ్లో వెల్డింగ్ షాపులో చేయించిందే. పాత సైకిల్ రిమ్ముకు ఇనుప గొలుసులు వేలాడదీసి, కింద తట్టలాంటిది అతికించారు. "ఏంది సార్ గిది, కోళ్ల గంపనా?" అని అడిగాడు వెల్డింగ్ అబ్బాయి. ఎలా ఆడతారో చెప్పాను. నమ్మినట్టు కనిపించలేదు కానీ, గొలుసుల చివర్లు మాత్రం చేతికి గీసుకోకుండా నున్నగా గీకి ఇచ్చాడు.

ఇప్పుడు నేల సంగతి. అమెరికావాళ్లు "రెండేళ్లు వాడాను, కొత్తదానిలా ఉంది" అంటే, వాళ్ల చక్రం పడేది గడ్డి మీద. మనది చలక నేల, మధ్యమధ్య పరుపు బండ, చుట్టూ గుండ్లు. గుండ్లు లేని చోట సర్కారు తుమ్మ. వాళ్లు రెండేళ్లకు చూసే అరుగుదల నేను రెండు నెలల్లో చూశాను. కాబట్టి కింద రాసేది ఏ కంపెనీకీ వంక పెట్టడం కాదు. తప్పేదైనా ఉంటే బండది, లేదా నా చేతిది.

డిస్కుల ప్లాస్టిక్‌లో పేర్లు చాలా ఉన్నా, రకాలు ముఖ్యంగా రెండే. ఒకటి బేస్, అంటే చవక రకం. రెండోది ప్రీమియం, పాలీయురేథేన్ తరహాది. ఇన్నోవా కంపెనీలో బేస్‌ను డీఎక్స్ అంటారు, ప్రీమియంలో ఛాంపియన్, స్టార్ అని ఉంటాయి. డిస్క్‌క్రాఫ్ట్‌లో ప్రో-డీ, జడ్, ఈఎస్‌పీ. లాటిట్యూడ్ 64లో ఆప్టో, గోల్డ్. పేర్లు మారినా వరస మాత్రం అదే: చవకది, గాజులా మెరిసేది, సబ్బులా మెత్తగా ఉండేది. మా దగ్గర ఆడటానికి వచ్చే పిల్లలు ఈ పేర్లేవీ పట్టించుకోలేదు. "గీకుల్ది", "గాజుది", "సబ్బుది" అని పెట్టుకున్నారు. ఇప్పుడు నాకూ అవే అలవాటయ్యాయి.

గీకుల్దాంతో మొదలుపెడతాను. లెపర్డ్ అనే డ్రైవర్, అంటే దూరం విసిరే చక్రం, డీఎక్స్‌లో. కొత్తగా ఉన్నప్పుడు చేతికి ఎంత హాయిగా ఉంటుందంటే, పాలపొడి డబ్బా మూతలా పొడిగా, కాస్త గరుగ్గా, చెమట పట్టినా జారకుండా ఉంటుంది. గోటితో నొక్కితే గీత పడుతుంది, అదే దాని బలహీనత. రెండు వారాలకు అంచు చుట్టూ పొరలు లేచాయి. ఒకరోజు గట్టిగా విసిరితే అలాంటి పొర ఒకటి చూపుడు వేలి పక్కన బ్లేడులా కోసింది. నెల తిరక్కుండానే అంచులో ఒక తుమ్మ ముల్లు దిగి విరిగిపోయింది. ఇప్పటికీ అక్కడే ఉంది, నల్ల చుక్కలా.

లేచిన పొరలను ఎమరీ పేపర్‌తో తేలిగ్గా రుద్దుకోవచ్చు. అంతర్జాతీయంగా ఈ ఆటను నడిపే పీడీజీఏ నియమాలు కూడా గీకులను ఓ మోస్తరుగా నున్నన చేసుకోవడానికి ఒప్పుకుంటాయి. చక్రం ఎగిరే తీరే మారిపోయేలా చెక్కడానికి మాత్రం ఒప్పుకోవు. పగులు వచ్చినా, రంధ్రం పడినా ఇక పోటీలో పనికిరాదు. మా పడావు భూమిలో పోటీ ఎక్కడిది, కానీ తెలిసి ఉండటం మంచిది.

అసలు విషయం అరుగుదల కాదు, అరిగాక ఎలా ఎగురుతుందన్నది. ప్రతి డిస్కుకూ నాలుగు అంకెలు ఇస్తారు: వేగం, తేలడం, మొదట్లో ఒరగడం, చివర్లో వంగడం. లెపర్డ్‌కు 6, 5, -2, 1. మూడో అంకె మైనస్‌లో ఉంటే, కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్, అంటే చేతిని ఛాతీకి అడ్డంగా తెచ్చి విసిరినప్పుడు వేగం ఉన్నంతసేపు కుడికి ఒరుగుతుంది. నాలుగోదాన్నిబట్టి చివర్లో ఎడమకు వస్తుంది. బేస్ ప్లాస్టిక్ అరిగేకొద్దీ కుడికి ఒరగడం పెరుగుతుంది, ఎడమకు రావడం తగ్గుతుంది. ఆరు నెలలకు నా లెపర్డ్ కుడికి ఒరిగి, అటే పోయి, అంచు మీద దిగి దొర్లడం మొదలుపెట్టింది. నాకైతే చిరాకేసింది. కానీ పదేళ్ల పిల్లల చేతిలో అదే చక్రం తిన్నగా, దూరంగా పోయింది. వాళ్ల చేతి వేగానికి కొత్త డ్రైవర్లన్నీ ఎడమకే కూలుతుంటే, అరిగినది సరిగ్గా సరిపోయింది. ఇప్పుడది వాళ్లదే, అడిగినా ఇవ్వరు.

గాజుది, సబ్బుది పోల్చడానికి నాకు మంచి అవకాశం దొరికింది. టీబర్డ్ అనే ఒకే అచ్చు నా దగ్గర రెండు ప్లాస్టిక్‌లలో ఉంది, ఛాంపియన్‌లో ఒకటి, స్టార్‌లో ఒకటి. అంకెలు 7, 5, 0, 2.

ఛాంపియన్ మొండిఘటం. నాలుగేళ్లలో ఎన్నిసార్లు బండకు కొట్టుకుందో లెక్కలేదు. ఎండకు పట్టి చూస్తే పాత హెల్మెట్ అద్దంలా సన్న గీతలు కనిపిస్తాయి తప్ప, వేలికి తగిలే గాటు ఒక్కటే ఉంది. అది హద్దు రాయికి ఎదురుగా గుద్దుకున్నప్పుడు పడింది, బియ్యం గింజంత. ఎగరడంలో మొదటి రోజుకీ ఇవాళ్టికీ పెద్ద తేడా లేదు, చివర్లో కచ్చితంగా ఎడమకు వస్తుంది. ఆషాఢంలో ఉదయ సముద్రం చెరువు మీదుగా గాలి కొట్టేటప్పుడు నేను నమ్మేది దీన్నే. అయితే ఏప్రిల్‌లో అరచెయ్యి చెమటతో ఉంటే నూనె రాసిన గాజులా జారుతుంది. వానలో మరీ ఘోరం. భుజాన తువ్వాల లేకుండా దాన్ని ముట్టుకోను. ఒకసారి జారి వెనక్కి పోయి నా స్కూటర్ అద్దాన్నే పలకరించింది. చక్రానికి గీత కూడా పడలేదు, అద్దానికి రెండు వందలు.

స్టార్ కథ వేరు. చేతిలో కాస్త లొంగుతుంది, పట్టు బాగుంటుంది. అరుగుతుంది, కానీ డీఎక్స్‌లా పొరలు లేవవు. అంచు మెల్లగా నలిగి, వెల్వెట్ గుడ్డలా అవుతుంది. మొదటి ఏడాది ఎడమకు లాగింది. రెండో ఏడాదికి ఆ లాగడం తగ్గింది. ఇప్పుడు మనం ఎలా వదిలితే అలా, తిన్నగా పోతుంది. కొత్త చెప్పులు కరిచి కరిచి ఒకరోజు కాలికి అతికినట్టు ఉంటాయి చూడండి, అలాగ. అన్నిట్లో ఒక్కటే ఉంచుకోమంటే దీన్నే ఉంచుకుంటాను. ఛాంపియన్ ఎక్కువకాలం బతుకుతుంది, నిజమే. కానీ ఛాంపియన్‌తో నాకు నాలుగేళ్లయినా స్నేహం కుదరలేదు.

ఇంకా మెత్తటి రబ్బరు లాంటి రకం కూడా ఒకటి తెప్పించాను. చలి దేశాల్లో చలికి ప్లాస్టిక్ బిగుసుకుపోతుంది కాబట్టి అక్కడివాళ్లు దాన్ని ఇష్టపడతారు. మన మే నెలకు అది నానిన అప్పడం. పైగా నా బుద్ధితక్కువ, ఒక మధ్యాహ్నం కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేశాను. సాయంత్రానికి అంచు ఒకవైపు లేచి గరిటెలా తయారైంది. కాగిన నీళ్లలో కాసేపు ముంచి, అరుగు మీద బోర్లించి, పైన అమ్మ సన్నికల్లు పెట్టి తెల్లారేదాకా వదిలేస్తే చాలావరకు సరైంది. సన్నికల్లు కనబడక అమ్మ పెట్టిన కేకలు వేరే సంగతి.

పటర్, అంటే బుట్టలో వేసే చక్రం విషయంలో నా సలహా మాత్రం తిరకాసుగా ఉంటుంది: చవకదే కొనండి. నా ఏవియార్ డీఎక్స్‌లో ఉంది, 2, 3, 0, 1. పటర్‌ను మెల్లగా, దగ్గర నుంచి వేస్తాం. బండకు గుద్దుకునే వేగం ఉండదు, అందుకే డ్రైవర్ రెండు నెలల్లో పడ్డ పాట్లు ఇది మూడేళ్లలో కూడా పడలేదు. గొలుసుల దెబ్బలకు అంచు మీద గుంటలు పడ్డాయంతే. బుట్ట ముందు నిలబడ్డప్పుడు వేళ్లకు కావాల్సింది పట్టు. ఆ పొడి పట్టు ఖరీదైనవాటిలో నాకు దొరకలేదు.

రంగు గురించి కూడా చెప్పాలి, దీనికి నేను డబ్బులు పోగొట్టుకున్నాను. ఎర్ర చక్రం చలకలో కనబడదు, పచ్చది సీతాఫలం పొదల్లో కనబడదు. గులాబీ రంగు తెప్పించుకోండి, ఎవరు నవ్వినా సరే.

నీళ్ల సంగతి కూడా. నీలం రంగు ఛాంపియన్ మిడ్‌రేంజ్ (మధ్య దూరాలకు విసిరేది) ఒకటి చెరువులో పడి మునిగిపోయింది. ఆశ వదులుకున్నాను. ఎండాకాలం నీళ్లు వెనక్కి తగ్గాక, చేపలు పట్టే తాత ఒకాయన దాన్ని తెచ్చి "నీదేనా బిడ్డా, గీ పల్లెం?" అన్నాడు. పాచి పట్టి ఉంది. కొబ్బరి పీచుతో తోమితే రంగు చెక్కుచెదరలేదు, మరుసటి పొద్దునే విసిరాను. తాతకు చాయ్ ఇప్పించాను.

అమెరికాలో బేస్ డిస్కు 10 డాలర్ల చుట్టుపక్కల, ప్రీమియం దానికి దాదాపు రెట్టింపు. డిసెంబర్‌లో బావమరిది వస్తున్నాడు, చీటీ పంపాను: స్టార్ టీబర్డ్ రెండు, డీఎక్స్ ఏవియార్ ఒకటి, పిల్లలకు డీఎక్స్ లెపర్డ్‌లు మూడు, అన్నీ గులాబీవే. చాక్లెట్లు తగ్గించి తెస్తానన్నాడు. ఆ మాట మా ఆవిడకు ఇంకా చెప్పలేదు.