ఒహ్తానీ లేడు, కుమార్ ఉన్నాడు: ఫీనిక్స్‌లో నాలుగు రాత్రులు, మూడు మకాంలు

టికెట్లు జనవరిలోనే కొనేశాను. పిల్లలకి స్ప్రింగ్ బ్రేక్, బేస్‌బాల్ టీములకి స్ప్రింగ్ ట్రైనింగ్, రెండూ ఒకే వారంలో పడ్డాయని సంబరం. డాలస్ నుంచి ఫీనిక్స్ దగ్గరే. మావాడికి పదకొండేళ్లు. వాడికి కావలసింది ఒక్కటే, డాడ్జర్స్ టీముకి ఆడే జపాన్ స్టార్ ఒహ్తానీని దగ్గర్నుంచి చూడటం. నేను చూసుకోనిది కూడా ఆ ఒక్కటే. 2025 సీజన్ మొదటి రెండు మ్యాచులు డాడ్జర్స్, కబ్స్ మధ్య టోక్యోలో పెట్టారు, మార్చి 18, 19 తేదీల్లో. మేం ఫీనిక్స్‌లో దిగేసరికి ఆయన జపాన్ వెళ్లిపోయాడు.

"పెళ్లికొడుకు ఊళ్లో లేని రోజు చూసి మరీ పెళ్లికి బయల్దేరదీశారు" అంది మా ఆవిడ. మావాడు ఏమీ అనలేదు, ఎయిర్‌పోర్టులో డాడ్జర్స్ టోపీ తీసి బ్యాగులో పెట్టేసుకున్నాడు. అది ఇంకా బాధ.

ఈ ఆట అలవాటు లేనివాళ్లకి రెండు ముక్కలు. ఏటా ఫిబ్రవరి మధ్యలో పిచర్లు (బంతి విసిరేవాళ్లు), క్యాచర్లు (బ్యాటర్ వెనక కూర్చుని పట్టేవాళ్లు) ముందు క్యాంపుకి వస్తారు, కొద్ది రోజులకి మిగతావాళ్లు. నెలాఖరు నుంచి మార్చి చివరిదాకా ప్రాక్టీస్ మ్యాచులు. ముప్పై టీముల్లో సగం ఫ్లోరిడాలో ఆడతాయి, దాన్ని గ్రేప్‌ఫ్రూట్ లీగ్ అంటారు. మిగతా సగం అరిజోనాలో, అది కాక్టస్ లీగ్. ఫ్లోరిడాలో ఒక క్యాంపు నుంచి ఇంకో క్యాంపుకి గంటల తరబడి డ్రైవింగ్ పడొచ్చు. అరిజోనాలో పదిహేను టీములూ ఫీనిక్స్ చుట్టూ ఉన్న పది స్టేడియాల్లోనే. ఐపీఎల్ టీముల్లో సగం నెలరోజులపాటు ఉప్పల్ నుంచి పటాన్‌చెరు దాకా మకాం వేసి, పొద్దున నెట్స్, మధ్యాహ్నం మ్యాచ్ ఆడుతున్నాయనుకోండి. అలా ఉంటుంది.

కారు అద్దెకి తీసుకోకుండా కుదరదు. ఎయిర్‌పోర్టు నుంచి స్కై ట్రైన్ అని డ్రైవర్ లేని చిన్న రైలు, డబ్బులేం అడగదు, నేరుగా కార్ల బిల్డింగ్ దగ్గర దింపుతుంది. అంతవరకూ హాయి. కౌంటర్‌లో కుర్రాడు మాత్రం మాటల్లో పెట్టి టోల్ ప్యాకేజీ అని ఒకటి అంటగట్టాడు. టెక్సస్‌లో టోల్ కట్టీ కట్టీ అలవాటైన చెయ్యి కదా, సంతకం పెట్టేసింది. సాయంత్రం మా తోడల్లుడికి ఫోన్ చేస్తే పగలబడి నవ్వాడు. "అన్నయ్యా, ఫీనిక్స్‌లో టోల్ రోడ్లే లేవు!" కంపెనీ పేరు అనవసరం. మీరు మాత్రం ఆ కాగితం చదివి సంతకం పెట్టండి.

ఇంకో చిక్కు గడియారంతో. మార్చిలో దేశమంతా గంట ముందుకి తిప్పుకుంటుంది, అరిజోనా తిప్పుకోదు. ఫిబ్రవరిలో వెళ్తే డాలస్‌కీ ఫీనిక్స్‌కీ గంట తేడా, మేం వెళ్లేసరికి రెండు గంటలు. మొదటి రోజు తెల్లారకముందే అందరం లేచి కూర్చున్నాం.

మొదటి రాత్రి స్కాట్స్‌డేల్ ఓల్డ్ టౌన్‌లో. ఎవరిని అడిగినా అక్కడే దిగమన్నారు. జెయింట్స్ ఆడే స్కాట్స్‌డేల్ స్టేడియం నడిచి వెళ్లేంత దూరంలో ఉంటుంది, చుట్టూ రెస్టారెంట్లు, బార్లు, అర్ధరాత్రి దాకా సందడి. పెళ్లికాని కుర్రాళ్లు నలుగురు కలిసి వెళ్తే అంతకంటే మంచి చోటు లేదు. మాకు నచ్చలేదు. బుక్ చేసినప్పుడు కనిపించిన రేటు వేరు, దిగాక రిసార్ట్ ఫీజు, పార్కింగ్ ఫీజు కలిపి తేలిన రేటు వేరు. రాత్రి ఒంటిగంటకి కింద వీధిలో ఎవరో పాటలు. ఊళ్లోకైతే డ్రైవర్ లేని వేమో ట్యాక్సీలు దొరుకుతాయి, మావాడు ఖాళీ సీట్లో తనంతట తాను తిరిగే స్టీరింగ్ చూసి ఒహ్తానీని ఒక పావుగంట మర్చిపోయాడు. కానీ అప్పట్లో పడమటి వైపు స్టేడియాల దాకా అవి రాలేదు.

మర్నాడు మకాం సర్‌ప్రైజ్‌కి మార్చాం. అవును, ఊరి పేరే అది. ఫీనిక్స్‌కి వాయవ్యంగా, రిటైరైనవాళ్లు ఎక్కువగా ఉండే ప్రశాంతమైన చోటు. టెక్సస్ రేంజర్స్, కాన్సస్ సిటీ రాయల్స్ 2003 నుంచి ఇక్కడే క్యాంపు. హోటల్ మామూలు చైన్ హోటలే, గదిలో ఫ్రిజ్, మైక్రోవేవ్, పొద్దున ఉడకబెట్టిన గుడ్లు, వాఫిల్స్. స్కాట్స్‌డేల్‌లో ఒక రాత్రికి పెట్టిన దానికి ఇంకాస్త కలిపితే ఇక్కడ రెండు రాత్రులకి సరిపోయింది. రాత్రి తొమ్మిదైతే ఊరంతా నిద్రే. ఇండియన్ భోజనం విషయంలో పెద్దగా ఆశలు పెట్టుకోకండి. మా ఆవిడ తెచ్చిన పులిహోర పొడి, ఎలక్ట్రిక్ కుక్కరే మమ్మల్ని కాపాడాయి.

నన్నడిగితే ఈ ట్రిప్పుకి అసలు ప్రాణం మ్యాచ్ కాదు, పొద్దున పూట. స్టేడియం వెనక ప్రాక్టీస్ గ్రౌండ్ల దగ్గర కంచె పట్టుకుని నిలబడితే చాలు. పది గజాల దూరంలో బుల్‌పెన్, అంటే పిచర్లు చెయ్యి వేడెక్కించుకునే చోటు. పిచర్ చేతిలోంచి వదిలిన బంతి క్యాచర్ గ్లౌజులో పడితే వచ్చే చప్పుడు టీవీలో ఎప్పుడూ వినపడదు. మన ఊళ్లో చాకిరేవు బండ మీద తడిబట్ట కొట్టినప్పుడు వచ్చే మోత గుర్తుందా, అలా. క్యాచర్ బంతి తిరిగి విసురుతూ స్పానిష్‌లో ఏదో అంటాడు, కోచ్ ఐప్యాడ్‌లో ఏదో చూపిస్తాడు, పిచర్ తల ఊపి మట్టిలో కాలితో చిన్న గుంట చేసుకుంటాడు. మళ్లీ మోత. మావాడు కంచెకి ముక్కు ఆనించి కదలకుండా నిలబడ్డాడు.

అప్పుడే అవతలి గ్రౌండ్ వైపు నడిచి వెళ్తూ 80 నంబర్ జెర్సీ. ఆరడుగుల అయిదంగుళాల మనిషి. రేంజర్స్ పిచర్ కుమార్ రాకర్.

నేను ఇంత దూరం వచ్చింది నిజానికి ఇతని కోసమే, మావాడికి చెప్పలేదంతే. తండ్రి ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరున్న ఆటగాడు, తర్వాత కోచ్. తల్లి లలిత, ఆమె అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చినవాళ్లు. 2019లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీకి ఆడుతూ డ్యూక్ టీముకి ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా, 19 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైకులకి అవుట్లు) తీశాడు. అప్పటికింకా ఫస్టియర్ కుర్రాడు. 2021 డ్రాఫ్ట్‌లో, అంటే టీములు వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునేచోట, న్యూయార్క్ మెట్స్ పదో నంబర్‌లో తీసుకుని, మెడికల్ రిపోర్టులు చూసి కాంట్రాక్ట్ ఇవ్వకుండా వదిలేసింది. ఇంటర్వ్యూ పాసై, ఆఫర్ లెటర్ దగ్గర ఆగిపోయిన బాధ మనవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. మరుసటి ఏడాది రేంజర్స్ మూడో నంబర్‌లోనే తీసుకుంది. 2023లో మోచేతి లిగమెంట్‌కి టామీ జాన్ సర్జరీ. 2024 సెప్టెంబర్ 12న సియాటిల్‌లో మొదటి మ్యాచ్, నాలుగు ఇన్నింగ్స్‌లో ఏడు స్ట్రైకౌట్లు. స్లైడర్ అని అతని బంతి ఒకటి, బ్యాటర్ ముందుండే ప్లేటు దగ్గరికి వచ్చాక పక్కకి జారి పడిపోతుంది. బ్యాటర్ అప్పటికే బ్యాటు తిప్పేసి ఉంటాడు.

"కుమార్!" అని మావాడు అరిచాడు. మన పిలుపులో ఎలా అంటామో అలా. అతను తిరిగి చూశాడో లేదో గానీ మా పక్కనున్న పెద్దాయన, రాయల్స్ టోపీ పెట్టుకున్నాయన, "ఆ పేరు పలకాల్సింది అలాగా?" అని అడిగి రెండుసార్లు అనిపించుకున్నాడు.

మధ్యాహ్నం ఒంటిగంట దాటాక మ్యాచ్. మేం కొన్నది ఔట్‌ఫీల్డ్ గట్టు మీద గడ్డి టికెట్. మన టూరింగ్ టాకీస్ భాషలో నేల టికెట్. దుప్పటి పరుచుకుని, పొట్టుపల్లీలు ఒలుచుకు తింటూ చూడటమే. పిల్లలు దొర్లుతుంటారు, అప్పుడప్పుడు హోమ్ రన్ బంతి వచ్చి మధ్యలో పడుతుంది, నలభై మంది దాని మీద పడతారు. ఎండ మాత్రం తమాషా కాదు. మార్చే కదా అని నేను మెడకి క్రీమ్ రాసుకోలేదు, మూడు రోజులు కాలర్ తగిలితే మంట. పెద్దవాళ్లుంటే గడ్డి జోలికి పోకుండా హోమ్ ప్లేట్ వెనక, పై వరసల్లో నీడపట్టు సీట్లు కొనండి. బయటి తిండి, బ్యాగుల విషయంలో ఒక్కో స్టేడియానిది ఒక్కో రూలు. ఒకచోట మా పులిహోర డబ్బాని చూసి చూడనట్టు వదిలేశారు, ఇంకోచోట గేటు దగ్గరే కారులో పెట్టి రమ్మన్నారు.

ఇంకో సంగతి, స్టార్లని చూడాలంటే వాళ్ల సొంత క్యాంపులో జరిగే మ్యాచ్‌కే టికెట్ కొనాలి. పేరున్నవాళ్లు ఎండలో గంట బస్సు ప్రయాణం చేసి వేరే ఊరి మ్యాచ్‌కి పెద్దగా వెళ్లరు. కొన్ని రోజులు ఒకే టీము రెండుగా చీలి రెండు చోట్ల ఆడుతుంది. వచ్చినా అయిదో ఇన్నింగ్స్‌కల్లా స్నానం చేసి కారెక్కేస్తారు. ఆ తర్వాత 80లు, 90ల నంబర్లు వేసుకున్న కుర్రాళ్లు వస్తారు, వీపు మీద పేరు కూడా ఉండదు. చాలామంది అప్పుడే లేచి వెళ్లిపోతారు. వెళ్లకండి. టీములో ఉండేది 26 మంది, క్యాంపుకి వచ్చేది దాదాపు అరవై, డెబ్బై మంది. ఆ చివరి రెండు మూడు చోట్ల కోసం ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మోకాళ్లు చీరుకుపోయేలా డైవ్ కొట్టే కుర్రాడిది రంజీ సెలక్షన్స్‌లో మనవాళ్లు పడే టెన్షనే.

మేం చూసిన ఒక మ్యాచ్‌లో బ్యాటర్ ఉన్నట్టుండి హెల్మెట్ మీద చేత్తో తట్టాడు. మా ఆవిడ దోమ అనుకుంది. అది రివ్యూ అడగడం! పిచర్ విసిరింది సరైన బంతి (స్ట్రైక్) అనో, కాదు (బాల్) అనో అంపైర్ చెప్పింది తప్పనిపించితే బ్యాటర్, పిచర్, క్యాచర్, ఈ ముగ్గురిలో ఎవరైనా వెంటనే తల తట్టుకోవచ్చు. టీముకి రెండు అవకాశాలు, నెగ్గితే లెక్కలోంచి పోదు. బోర్డు మీద బొమ్మ రావడం, బంతి గీతకి ఆనిందో లేదో చూపించడం, కొన్ని సెకన్లలో తేలిపోయింది. 2025లో కొన్ని స్టేడియాల్లో పరీక్షగా పెట్టారు. వాడేది క్రికెట్‌లో మనకి తెలిసిన హాక్‌ఐ కెమెరాలే. డీఆర్ఎస్‌తో గొడవలు పడీ పడీ రాటుదేలినవాణ్ని కాబట్టి మొదటిసారి గట్టు మీద పక్కవాళ్లకి బేస్‌బాల్ రూలు నేను వివరించాను.

2025లో రేంజర్స్ ఏం చేస్తుంది? అప్పటి నా లెక్క ఇది. 2023లో మొదటిసారి వరల్డ్ సిరీస్ గెలిచి, 2024లో 78 గెలిచి 84 ఓడిన టీము. బ్యాటింగే ముంచింది. కొత్తగా జేక్ బర్గర్, జాక్ పీడర్సన్ వచ్చారు, స్టార్ బ్యాటర్ కోరీ సీగర్ ఒళ్లు సహకరిస్తే పరుగులకి కొదవుండదు. నా భయమంతా పిచర్ జేకబ్ డిగ్రామ్ మీదే. అయిదేళ్లకి 185 మిలియన్లు ఇచ్చి తెచ్చుకుంటే 2023లో ఆరు మ్యాచులు, 2024లో మూడు మ్యాచులు మొదలెట్టాడు, అంతే. అతను పాతిక మ్యాచులు వేస్తే ప్లేఆఫ్స్, లేకపోతే మళ్లీ మామూలే. మా డివిజన్‌లోనే (గ్రూపులోనే) ఉన్న హ్యూస్టన్ ఆస్ట్రోస్ నుంచి పేరున్న బ్యాటర్లు టక్కర్, బ్రెగ్‌మన్ ఇద్దరూ వెళ్లిపోయారు కాబట్టి దారి కొంచెం తెరుచుకుంది, కాకపోతే అదే డివిజన్‌లో ఉండి పియోరియాలో క్యాంపు పెట్టిన సియాటిల్ మారినర్స్ పిచింగ్ చూస్తే నాకు అంత ధైర్యంగా లేదు. రాయల్స్ సంగతి వేరు. 2023లో 106 ఓడిన టీము 2024లో ప్లేఆఫ్స్ ఆడింది, బాబీ విట్ జూనియర్ .332 బ్యాటింగ్ సగటుతో కొట్టాడు. ఒకే స్టేడియంలో రెండు టీముల టోపీలూ పక్కపక్కన కనిపిస్తాయి. ఈసారి రాయల్స్ వాళ్ల మొహాల్లోనే ఎక్కువ నమ్మకం కనిపించింది.

మూడో రోజు సాల్ట్ రివర్ ఫీల్డ్స్. డైమండ్‌బ్యాక్స్, రాకీస్ ఇద్దరిదీ. 2011లో కట్టారు, స్థానిక పీమా, మారికోపా తెగల నేల మీద. స్టేడియంగా చూస్తే పదింట్లో ఇదే అందమైందని మా ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు. గట్టు మీద కూర్చుంటే ఎదురుగా కొండలు, నడవడానికి విశాలం, బాత్‌రూములు శుభ్రం. టికెట్లు మాత్రం సర్‌ప్రైజ్ కంటే బాగా ఎక్కువ, మ్యాచ్ అయ్యాక పార్కింగ్‌లోంచి బయటపడటానికి నలభై నిమిషాలు. డైమండ్‌బ్యాక్స్ ఆరేళ్లకి 210 మిలియన్లు పోసి పిచర్ కార్బిన్ బర్న్స్‌ని తెచ్చుకుంది. ఉన్నది డాడ్జర్స్ డివిజన్‌లో, పాపం ఎంత ఖర్చుపెట్టినా రెండో స్థానానికే.

చివరి రాత్రి చాండ్లర్‌లో తోడల్లుడి ఇంట్లో. ఊరికి ఆగ్నేయాన, మనవాళ్లు దండిగా ఉండే చోటు, ఏ వీధిలో చూసినా బిర్యానీ బోర్డు. సర్‌ప్రైజ్ నుంచి సాయంత్రం ట్రాఫిక్‌లో వస్తే గంటకి పైనే. మొత్తం ట్రిప్పు ఇక్కడే ఉండి రోజూ తిరగొచ్చు కదా అని మరదలు నిష్ఠూరమాడింది. "మా ఇల్లు హోటల్ కంటే తీసిపోయిందా బావా?" తీసిపోలేదమ్మా, పొద్దున ఎనిమిదికి కంచె దగ్గర ఉండాలంటే ఆరింటికి బయల్దేరాలి, అంతే. మెసాలో కబ్స్, ఏ ఊరి పేరూ ముందు పెట్టుకోకుండా 2025లో శాక్రమెంటోకి తరలిపోయిన అథ్లెటిక్స్, టెంపీలో ఏంజెల్స్ చూడాలనుకునేవాళ్లకైతే చాండ్లర్ చుట్టమే దేవుడు. మర్నాడు పొద్దున మారికోపాలో మహాగణపతి గుడికి వెళ్లి, అటే ఎయిర్‌పోర్టుకి.

తిరిగొచ్చాక వార్తలు చూస్తుంటే రేంజర్స్ పిచర్లలో జాన్ గ్రేకి బంతి నేరుగా మణికట్టుకి తగిలి ఎముక విరిగింది, కోడీ బ్రాడ్‌ఫర్డ్‌కి మోచేయి నొప్పి. అయ్యో అనుకుంటూనే రెండో ఆలోచన కుమార్ గురించి వచ్చింది, సిగ్గుగానే ఉంది చెప్పుకోవడానికి. దాంతో 2025 సీజన్ మొదట్లో అతనూ, వాండర్‌బిల్ట్ జోడీ జాక్ లైటరూ ఇద్దరూ రొటేషన్‌లోకి, అంటే వంతులవారీగా మ్యాచ్ మొదలుపెట్టే పిచర్లలోకి, వచ్చేశారు.

టోల్ ప్యాకేజీ డబ్బు ఇంకా వెనక్కి రాలేదు. మావాడి టేబుల్ మీద మాత్రం ఒక బంతి ఉంది. తొమ్మిదో ఇన్నింగ్స్ అయ్యాక ఖాళీ స్టేడియంలో కంచె దగ్గరికొచ్చి ఒక కుర్రాడు సంతకం చేసిచ్చాడు, నంబర్ తొంభై ఎంతో, వీపు మీద పేరు లేదు. మొదటి అక్షరం ఎం అని మావాడు, కాదు ఎన్ అని నేను. రోజూ రాత్రి దీపం కింద పెట్టి చూస్తున్నాం, ఇంకా తేలలేదు.