మా పేటలో క్షయ చికిత్స: అయిదుకు నాలుగు నక్షత్రాలు

విశాఖ చేపల రేవులో పనిచేసే మా తమ్ముడికి ఆరు నెలల మందులూ పేటలోని ఆరోగ్య కేంద్రంలోనే ఉచితంగా ఇచ్చారు. వాటిలో రిఫాంపిసిన్ అనే మందు వల్ల మూత్రం నారింజ రంగులోకి మారుతుందని ఆశా కార్యకర్త ముందే చెప్పింది. లేకపోతే మావాడు మాత్రలు సముద్రంలో పారేసేవాడే! వచ్చినప్పుడల్లా ఖాళీ అట్టలు తిప్పి చూసి మరీ లెక్కపెట్టేది. నిక్షయ్ మిత్రలుగా, అంటే క్షయ రోగులకు తిండి సాయం చేసే దాతలుగా, ముందుకొచ్చిన వీధివాళ్లు కందిపప్పు, వేరుశనగలు, గుడ్లు తెచ్చారు. గడప దాటి లోపలికొచ్చి కూర్చుని టీ తాగారు కూడా. నాకు పప్పుకన్నా అదే ఎక్కువ. క్షయ రోగుల తిండికి ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ పోషణ యోజన సొమ్ము 2024 నవంబరు నుంచి నెలకు 500 కాదు, 1,000 రూపాయలు. బ్యాంకు ఖాతా వివరాలు మొదటి రోజే ఇవ్వండి. ఒక నక్షత్రం తగ్గించింది కఫం పరీక్ష వరుసకు: నీడ లేదు, బల్ల లేదు. పొద్దున్నే వెళ్లండి.